శ్రీనుస్వామి ఇరుముడి

రెండో పంపు మీద అరచెయ్యి ఆనించి కొమురయ్య కాసేపు కదలకుండా నిలబడ్డాడు. పంపు సన్నగా వణుకుతోంది. రోజూ ఉండే వణుకే. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకుని మూడో పంపు దగ్గరికి నడిచాడు.

రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనున్న ఆ అద్దాల మేడకు భూమిలోకి మూడు అంతస్తులున్నాయి. పై రెండింట్లో కార్లు నిలుపుతారు. అట్టడుగున నీళ్లను చల్లబరిచే పెద్ద పెద్ద యంత్రాలుంటాయి. వాటిని చిల్లర్లంటారు. మేడలో పనిచేసే వేలమందికి చల్లగాలి అందేది అక్కడి నుంచే. ఎవరికీ ఉక్కపోయకుండా, ఎవరికీ చలి పుట్టకుండా చూడటం కొమురయ్య పని. అది సవ్యంగా సాగినన్నాళ్లూ కింద అలాంటి మనిషి ఒకడున్నాడన్న సంగతి పైన ఎవరికీ తట్టదు. ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు మాత్రం ఆయన్ని 'చిల్లర్ తాత' అని పిలుస్తారు.

ఏడాదిలో ఎక్కువ భాగం ఆయన చిల్లర్ తాతే. కార్తీకం వచ్చి మెడలో మాల పడ్డాక మాత్రం గురుస్వామి అవుతాడు. పై అంతస్తుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాళ్లు ఖాజాగూడలో ఆయన ఇంటి పక్కనున్న పందిట్లోకి వచ్చి ఆయన కాళ్లకు దండం పెడతారు. దీక్ష పూర్తయ్యేదాకా ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, కోపమొస్తే ఏం చేయాలో ఆయన్నే అడుగుతారు. పొట్టి మనిషి. రాళ్లు మోసి గట్టిపడిన భుజాలు. గడ్డం ఈ ఏడు పూర్తిగా తెల్లబడింది. యంత్రాల హోరులో బతకడం వల్ల ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకు వంచి వింటాడు. అది చూసి కొత్తగా వచ్చిన స్వాములు ఆయన ధ్యానంలో ఉన్నాడనుకుంటారు.

దీక్షలో ఉన్నవాళ్లు కాళ్లకు ఏమీ తొడగకూడదు. బూట్లు లేనిదే యంత్రాల గదిలో అడుగు పెట్టకూడదని కంపెనీ నియమం. కొమురయ్య ఈ పేచీని ఎప్పుడో మనసులో తీర్చేసుకున్నాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటాడు, బయటికి రాగానే విప్పేస్తాడు. అయ్యప్పకు ఈ సంగతి తెలుసు. ఆయన ఏమీ అనుకోడు.

ఇవాళ ఒంటిపూటే పని. సాయంత్రం స్వాములందరికీ ఇరుముళ్లు కట్టాలి. నెయ్యి నింపిన కొబ్బరికాయ ఒక అరలో, బియ్యం ఒక అరలో పెట్టి, తల మీద మోసుకుపోయే ఆ మూట లేనిదే శబరిమల పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. ముళ్లు కట్టగానే బస్సు కదలాలి.

జేబులో ఫోను పొద్దుటి నుంచి అదేపనిగా అదురుతోంది. ప్రయాణం హడావుడి అనుకుని ఆయన పట్టించుకోలేదు. పంపులన్నీ చూడటం అయ్యాక గది బయటికొచ్చి, బూట్లు విప్పి, అప్పుడు తీసి చూశాడు.

స్వాముల వాట్సాప్ గుంపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. నిరుడు నగరంలో జరిగిన ఊరేగింపుది. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు తమ హక్కుల కోసం చేసిన ఊరేగింపు. ఏడు రంగుల జెండా కింద ఇద్దరు కుర్రాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్నారు. 'మా ప్రేమ నేరం కాదు' అని రాసిన అట్ట ఒకటి ఇద్దరూ కలిసి పట్టుకున్నారు. ఒకడు ఆదర్శ్. ఈ మేడలోనే పైన ఎక్కడో పనిచేస్తాడు. రెండోవాడు శ్రీను, గచ్చిబౌలిలో ఒక దవాఖానలో నర్సు. ఇద్దరి మెళ్లోనూ మాల వేసింది కొమురయ్యే. ఇద్దరూ ఖాజాగూడలో ఒకే కిరాయి ఇంట్లో ఉంటారని కూడా ఆయనకు తెలుసు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు అలా కలిసి ఉండటం మామూలే కదా అనుకున్నాడు.

ఇలాంటి సంగతులు ఆయనకు బొత్తిగా తెలియనివి కావు. కూలివాళ్ల రేకుల షెడ్లలో పడుకున్న రోజుల్లో బూతు మాటల్లా, ఎగతాళి మాటల్లా విన్నాడు. కానీ ఈ ఫొటోలో ఎగతాళి లేదు. శ్రీను నవ్వుతున్నాడు. ఈ పిల్లవాడు పళ్లు కనిపించేలా నవ్వడం తానెప్పుడూ చూడలేదని కొమురయ్యకు ఆ క్షణంలో తోచింది.

ఫొటో కింద మాటల మీద మాటలు వచ్చి పడుతున్నాయి. 'వీళ్లా మన స్వాములు?' 'ఆ శ్రీను, వాడు బస్సెక్కితే నేను ఎక్కను.' 'వాణ్ణి ముందు పందిట్లోంచి గెంటండి.' కొమురయ్య చూపు 'వాడు' అన్న మాట దగ్గర ఆగింది. నిన్న రాత్రి భజనలో అందరూ అతణ్ణి శ్రీనుస్వామీ అనే పిలిచారు.

*

సరుకులు దించే గేటు దగ్గర రామ్మోహనరావు నిలబడి ఉన్నాడు. ఆదర్శ్ తండ్రి. కాకినాడ వైపు మనిషి, నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా రిటైరై నిజాంపేటలో ఉంటున్నాడు. ఈ ఏడు మొదటిసారి మాల వేసుకుని, ఇల్లు విడిచి పందిట్లోనే పడుకుంటున్నాడు. ఇస్త్రీ చేసిన నల్లచొక్కా, నుదుట చెక్కు చెదరని గంధం.

"చూశారా గురుస్వామీ?"

"చూసిన స్వామీ. జర కూసోండ్రి."

ఆయన కూర్చోలేదు. "రెండేళ్ల కిందట మావాడు పెళ్లి వద్దన్నాడండి. ఎందుకో కూడా చెప్పాడు. ఆ మాట మా ఇంట్లో మళ్లీ ఎవరం ఎత్తలేదు. అయ్యప్పే వాణ్ణి మారుస్తాడని మొక్కుకుని మాల వేసుకున్నాను. నా గుండె సంగతి మీకు తెలుసు కదా. కొండెక్కాలంటే రోజూ నడవాలన్నారు డాక్టరుగారు. తెల్లారకుండానే వచ్చి నన్ను చెరువు చుట్టూ ఎవరు నడిపించారు? ఎక్కడ ఆగాలో, ఊపిరి ఎలా తీసుకోవాలో ఎవరు నేర్పారు?" ఆయన మాల సర్దుకున్నాడు. "నా కొడుకుని ఎవరి నుంచి తప్పించమని దేవుణ్ణి అడుగుతున్నానో, వాడే నా చెయ్యి పట్టుకుని బీపీ చూశాడండి. బాబూ బాబూ అని పిలిచాను వాణ్ణి."

కొమురయ్య తల పక్కకు వంచి విన్నాడు. "స్వామీ, మాల మీదున్న మనిషిని వాడు అనద్దు."

రామ్మోహనరావు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్లింది. "తప్పే. స్వామి శరణం." కాసేపటికి మళ్లీ అన్నాడు, "నేను గొడవ చేయడానికి రాలేదు. ఆ అబ్బాయి బస్సెక్కకూడదు. అంతే. మావాణ్ణి నేను తీసుకెళ్తాను, నా చేత్తో మెట్లెక్కిస్తాను. పొద్దుటి నుంచి ఫోను ఎత్తడం లేదు కానీ, సాయంత్రం వస్తాడు. మీరు ఆ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి చాలు."

"సాయంత్రం చూద్దాం."

"చూద్దాం అంటే ఏమిటండీ?"

"నాకింక తెల్వదు స్వామీ," అన్నాడు కొమురయ్య. అది నిజం.

*

ఖాజాగూడ రాళ్ల మీద మార్గశిరపు ఎండ పలచగా పరుచుకుని ఉంది. షేర్ ఆటో దిగి ఉత్త కాళ్లతో నడుస్తూ కొమురయ్య నాయర్ స్వామిని తలుచుకున్నాడు.

జనగామ దగ్గర ఊళ్లో బావులు ఎండిపోయి ఆయన ఇటు వచ్చినప్పుడు ఈ మేడలేవీ లేవు. ఉన్నవి బండలే. వాటిని పేల్చి పునాదులు తవ్వేవాళ్లలో ఆయన ఒకడు. పగలంతా రాళ్లు, చీకటి పడితే సారా. భార్య కనకమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని ఆయన్ని వెతుక్కుంటూ తిరిగేది. కూడలిలో లారీ టైర్లకు పంక్చర్లు వేసే కేరళ ముసలాయన ఏటా పదిమందికి మాల వేసేవాడు. ఒకరోజు కొమురయ్య ఆయన ముందుకెళ్లి నిలబడ్డాడు. తాగుబోతుకు మాలేంటని పక్కనున్నవాళ్లు గొణిగారు. వీళ్లు ఏ కులపోళ్లో కనుక్కున్నావా అని ఒకడు ముసలాయన చెవిలో అడిగాడు. నాయర్ స్వామి నల్లటి గ్రీజు చేతులు కడుక్కుంటూ ఒక్కటే అడిగాడు, వ్రతం నిలుపుతావా అని. నిలుపుతానన్నాడు కొమురయ్య. నిలిపాడు. మాల తీశాక కూడా మళ్లీ తాగలేదు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ విషయం ఏదైనా ఉంటే అదొక్కటే.

పందిరి ముందు బస్సు అప్పుడే వచ్చి ఆగి ఉంది. ముందు అద్దానికి మామిడాకుల తోరణం కడుతున్నారు. బస్సు మాట్లాడింది, పందిరి వేయించింది బాలు. ఆఫీసుల్లో చెక్కపని చేయించే కాంట్రాక్టరు. ఏ పనైనా ముందుండి నడిపే మనిషి. గురుస్వామి తర్వాత పందిట్లో ఆయన మాటే చెల్లుతుంది. ఆయన కొమురయ్యను పక్కకు తీసుకెళ్లాడు.

"గురుస్వామీ, మీ మీద మాకు భక్తే కానీ ఇంకోటి లేదు. కానీ ఆ అబ్బాయికి మీరు ముడి కడితే మేమెవరం మీ దగ్గర కట్టించుకోం. నిజాంపేటలో ఇంకో గురుస్వామితో మాట్లాడి ఉంచాను. బస్సు అటు తిప్పేస్తాను."

"మరి ఆదర్శ్ స్వామి?"

"వాళ్ల నాన్నగారు బతిమాలుకున్నారు. పోనీ, తండ్రి వెంట ఉంటాడు, ఆ దోషమేదో ఆయన చూసుకుంటాడు. రెండోవాడికి ఎవరున్నారు?"

కొమురయ్య ఇంట్లోకి నడిచాడు. తన ముడి ఆయన ప్రతి ఏడూ మధ్యాహ్నమే కట్టుకుంటాడు. కనకమ్మ తల స్నానం చేసి వచ్చి, చాటలోంచి బియ్యం తీసి మూటలో పోసింది. పోస్తూ అంది, "నాకు గూడ జెప్పిన్రు. గా పిల్లగాండ్లది గదేం బుద్ధి? నిన్నటిదాంక ఆనికి నా చేతుల్తోని బువ్వ వెట్టిన. తల్సుకుంటే ఒళ్లు జలదరిస్తున్నది."

"బువ్వ తిన్నడు గద. ఏం జేసిండు?"

"నువ్వు ఆని దిక్కు మాట్లాడకు. ఇన్నేండ్ల సంది సంపాయించుకున్న పేరు ఒక్క పూటల పోతది. పందిరి లేకుంటే నువ్వేంది? గా భూమిలకు దిగి మిషిన్లు జూసుకునేటోనివి."

ఆమె కోపంతో అన్న మాట కాదది, భయంతో అన్నది. అందుకే ఆయనకు మరింత గుచ్చుకుంది.

*

శ్రీను పొద్దు వాలకముందే వచ్చాడు. పందిట్లోకి రాకుండా ఇంటి వెనక, నీళ్ల తొట్టి దగ్గర నిలబడ్డాడు. సన్నటి, పొడుగాటి పిల్లవాడు. మందుల వాసన ఇంకా ఒంటి మీద ఉంది. కామారెడ్డి దగ్గర పల్లె. ఇంట్లోవాళ్లు ఇక రావద్దన్నారని ఎప్పుడో చెప్పాడు. ఎందుకని కొమురయ్య అడగలేదు.

"గురుస్వామీ, నా ముడి కట్టకుండ్రి. మాల మీ చేతుల్తోనే తీసేయుండ్రి, నేను పోత. నా వల్ల మీకు పరేషాన్ వద్దు."

"నేనడిగిన దానికి జవాబు జెప్పు. వ్రతం నిలిచిందా?"

శ్రీను తలెత్తాడు. "నిలిచింది."

"ఇద్దరు ఒక్కింట్ల ఉంటరు గద."

"మాల పడ్డ నాటి సంది నేను ఇంటికి పోలే. దవాఖాన హాస్టల్ల పంటున్న. ఎవర్నన్న అడుగుండ్రి." తర్వాతి మాటకు అతని గొంతు తగ్గింది. "పెండ్లయినోళ్లు ఎట్లుంటరో, మేం గూడ గట్లనే ఉన్నం."

ఆ మాట కొమురయ్యకు నచ్చలేదు. చెవిలో పడ్డ పురుగులా అనిపించింది. కానీ ఏటా పెళ్లయిన ప్రతి స్వామినీ ఆయన ఇదే ప్రశ్న అడుగుతాడు. ఇదే జవాబు చెబితే తల మీద చెయ్యి పెడతాడు. ఇప్పుడు ఈ జవాబులో తప్పెక్కడుందో ఎంత వెతికినా ఆయనకు దొరకలేదు.

"నీకు ఇది తప్పనిపియ్యదా?" అన్నాడు చివరికి.

"శానా ఏండ్లు అనిపిచ్చింది. గుడికి పోతే దేవుడు మొఖం తిప్పుకుంటడేమో అనుకునేటోన్ని. ఊర్లె నన్ను ఏమని పిల్చెటోళ్లో మీకు తెల్వదు. మీరు మాలేసిన్నాడు స్వామీ అన్నరు. గంత పెద్ద మాట నన్ను ఎవ్వరు అనలే." తొట్టి అంచును వేలితో రాస్తూ అన్నాడు. "ఆదర్శ్ వాళ్ల నాయినకు చెప్దామని మేం శానాసార్లు అనుకున్నం. ఆయన రోజు పొద్దుగాల నా భుజం మీద చెయ్యేసి నడిచెటోడు. ఆ చెయ్యి తీసేస్తడని నాకే భయమైంది."

కొమురయ్య తొట్టిలోంచి చెంబుతో నీళ్లు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "స్నానం జేసి పందిట్లకు రా," అన్నాడు.

*

పందిట్లో అయ్యప్ప పటం ముందు దీపాలు వెలిగాయి. పెద్ద ఇత్తడి తాంబాళంలో బియ్యం గోపురంలా పోసి ఉంచారు. కొబ్బరికాయలు, నేతి గిన్నె, నల్లగుడ్డ సంచులు వరసగా ఉన్నాయి. ముడి కట్టించుకునే మనిషి ముందుగా తన చేత్తో బియ్యం వేస్తాడు. తర్వాత ఇంటివాళ్లు ఒక్కొక్కరు వచ్చి మూడేసి గుప్పిళ్లు వేస్తారు. స్వాముల తల్లులు, భార్యలు అందుకోసమే వచ్చి ఒక పక్కన కూర్చున్నారు.

శ్రీను వచ్చి చివర కూర్చున్నాడు. అతని పక్కనున్న స్వామి చాప లాక్కుని జరిగాడు. ఆ వెనకాలే ఆదర్శ్ వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తండ్రి తన పక్కన చోటు చూపించాడు. ఆదర్శ్ అక్కడ కూర్చోలేదు, శ్రీను పక్కన ఖాళీ అయిన చోట కూర్చున్నాడు. ఆడవాళ్లలో కూర్చున్న అతని తల్లి నాగేశ్వరి కళ్లు దించుకుంది.

బాలు లేచాడు. "ముందు ఒక్క సంగతి తేలాలి గురుస్వామీ."

"మేం చేసింది నేరం కాదని కోర్టే చెప్పింది కదా స్వామీ," అన్నాడు ఆదర్శ్.

"కోర్టు వేరు, కొండ వేరు." బాలు అతని వైపు చూడనైనా చూడలేదు. "చెప్పండి గురుస్వామీ. కడతారా, కట్టరా?"

కొమురయ్య పందిరంతా కలయజూశాడు. ఇంతమంది తన నోటి వైపు చూస్తున్నారు. కడతానంటే వీళ్లలో ఒక్కరికీ రేపట్నుంచి తన పేరు కూడా గుర్తుండదు. ఇంటి గుమ్మంలో కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన తల పక్కకు వంచాడు, ఎవరో ఏదో చెబుతున్నట్టు.

"మాల నేనేసిన. వ్రతం నిలిచిందా అని అడిగిన. నిలిచిందన్నడు. మిమ్ములందర్ని గూడ గదే అడిగిన, ఇంకేం అడగలే. ముడి నేనే కడ్త. శ్రీనుస్వామీ, ఇట్ల రా."

ఎవరూ అరవలేదు. బాలు పటానికి దండం పెట్టి, తన సంచి తీసుకుని బయటికి నడిచాడు. ఒకరు లేచారు. ఆ వెనక ఇద్దరు. తర్వాత చాపలన్నీ ఒక్కసారే ఖాళీ అయ్యాయి. వెళ్తూ వెళ్తూ కొందరు అలవాటు కొద్దీ కొమురయ్య కాళ్ల వైపు వంగబోయి, మధ్యలోనే ఆగిపోయారు. ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ వాళ్ల వెంట వెళ్లారు. బయట బస్సు ఇంజను గుర్రుమంది.

రామ్మోహనరావు నిలబడ్డాడు. "ఆదర్శ్, లే."

ఆదర్శ్ కదల్లేదు.

"ఈ ఏడు వెళ్లొద్దండీ," అంది నాగేశ్వరి చిన్నగా. "ఒంట్లో బాగాలేదు కదా. వచ్చే ఏడు చూద్దాం."

"మొక్కుకున్నానే. నేను ఆగలేను." ఆయన కొడుకు వైపే చూస్తున్నాడు. "నువ్వు రాకపోయినా నేను వెళ్తాను."

అప్పుడు శ్రీను ఆదర్శ్ చెవి దగ్గర కాకుండా అందరికీ వినిపించేలా అన్నాడు, "పో ఆదర్శ్. నాన్నతోని పో. నీలిమల కొండెక్కేకాడ ఆయన ఒక్కడు ఎక్కలేడు. యాభై అడుగులకోపాలి ఆపు. ఎదల పట్టినట్టయితే నాలిక కింద మాత్ర వెట్టి కూసోవెట్టు, ఆయన లేస్తనన్నా లెవ్వనియ్యకు." చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి అతని చేతిలో పెట్టాడు.

ఆదర్శ్ ఆ అట్ట పట్టుకుని శ్రీను ముఖంలోకి చూశాడు. లేచి తండ్రి దగ్గరికి వెళ్లాడు. రామ్మోహనరావు కొడుకు చేతిలోని మాత్రలు చూశాడు. మెడలో మాల పట్టుకున్నాడు. శ్రీను వైపు తిరగబోయి, తిరగకుండానే బయటికి నడిచాడు. తండ్రీకొడుకుల వెనక నాగేశ్వరి వెళ్లింది.

పందిట్లో ఇద్దరే మిగిలారు. శ్రీను కొబ్బరికాయ కన్నులో నెయ్యి పోస్తుంటే ధార అటూ ఇటూ పోతోంది. కొమురయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. శరణుఘోష ఆయన ఒక్కడే చెప్పాడు. పాతికమంది పలకాల్సిన చోట శ్రీను ఒక్కడే పలికాడు. కాయకు బిరడా బిగించి అరలో పెట్టారు. శ్రీను మూటలోకి తన బియ్యం తన సంచిలోంచే వేసుకున్నాడు. దవాఖాన క్యాంటీను నుంచి కొనుక్కొచ్చిన చిన్న పొట్లం.

ఇక ఇంటివాళ్లు వేయాలి. నిరుడూ ముందటేడూ ఎవరూ లేని స్వాములకు కనకమ్మే వేసింది. కొమురయ్య గుమ్మం వైపు చూశాడు. ఆమె అక్కడే ఉంది. అడుగు ముందుకు పడలేదు. ఆయన పిలవలేదు.

బయట బస్సు హారను మోగింది. అప్పుడు చెప్పులు విప్పిన చప్పుడైంది. నాగేశ్వరి వచ్చింది, ఆయాసపడుతూ, ఎవరో తరుముతున్నట్టు. పటానికి దండం కూడా పెట్టలేదు. తాంబాళం ముందు కూర్చుని, చెయ్యి బియ్యంలోకి మణికట్టు దాకా దించి, గుప్పిట నిండా తీసి శ్రీను మూటలో పోసింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి కొన్ని గింజలు అతని మోకాలి మీద పడ్డాయి. ఒక్కో గింజే ఏరి మూటలో వేసింది.

"అమ్మా," అన్నాడు శ్రీను. ఆ పిలుపు అతనికి సరిగ్గా పలకలేదు.

"నాకేమీ తెలీదు బాబూ. ఇది తప్పో ఒప్పో నాకు తెలీదు." ఆమె అతని ముఖం చూడకుండానే అంది. "కొండ దగ్గర మా ఆయన కనిపిస్తే, దూరం నుంచయినా సరే, ఒక కన్నేసి ఉంచు."

హారను మళ్లీ మోగింది. ఆమె లేచి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. బస్సు రాళ్ల మధ్య మలుపు తిరిగేదాకా శరణుఘోష వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

కొమురయ్య తాడు రెండు చుట్లు తిప్పి, మోకాలు ఆనించి, బిగించి ముడి వేశాడు. మూటను రెండు చేతులతో ఎత్తి శ్రీను తల మీద పెట్టాడు. "స్వామియే శరణమయ్యప్ప."

సికింద్రాబాద్ నుంచి రైలుంది. జనరల్ డబ్బాలో నిలబడే పోవాలి. ఆటో పిలుచుకొచ్చాక కనకమ్మ బయటికొచ్చింది. మొగుడి చేతిలో ఒక సంచి పెట్టింది.

"సద్ది గట్టిన. ఇద్దరికి," అంది, ఎటో చూస్తూ. "రైల్ల సలి వెడ్తది, చెద్దరు గూడ వెట్టిన."

"వచ్చేదాంక ఫికర్ చెయ్యకు."

"వచ్చినంక పందిరి ఉండదు."

"ఉండకుంటే ఉండకపాయె."

నల్లబట్టల మీద రెండు మూటలతో ఆటో రాయదుర్గం మేడల దీపాల వైపు తిరిగింది. ఆఫీసులు వదిలే వేళ. దారంతా కార్లు. కాసేపు ఆటో వెనక దీపం ఎర్రగా కనిపించి, మిగతా ఎర్ర దీపాల్లో కలిసిపోయింది.

కనకమ్మ పందిట్లోకి వచ్చి చాపలు చుట్టింది. దీపాల్లో వత్తులు సర్దింది. నేతి గిన్నె మీద మూత పెట్టింది. తాంబాళం దగ్గరికి వచ్చి వంగి, ఎత్తబోయి, ఎత్తకుండా నిలబడిపోయింది. అందరి కోసం పోసిన బియ్యం అందరి కోసం పోసినట్టే ఉంది. ఒక్క పక్కన మాత్రం నాగేశ్వరి చెయ్యి దిగినచోట గుంటపడి, నాలుగు వేళ్ల గీతలు దీపం వెలుగులో ఇంకా చెదరకుండా ఉన్నాయి.